ఈఎస్‌డీలో ట్రాక్షన్: దారమా, స్ప్రింగ్ క్లిప్పా, రబ్బరు బ్యాండా? ఎటు లాగాలి, ఎంత లాగాలి

#1 · గోదారి_గ్యాస్ట్రో

అందరికీ నమస్కారం. పొట్ట బాడీ (నడిమి భాగం) మధ్యలో, గ్రేటర్ కర్వేచర్ (పొట్ట బయటివైపు పెద్ద వంపు) మీద 25 మి.మీ. చదునైన లీజన్ (చెడిన భాగం). బయాప్సీలో హై గ్రేడ్ డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు దశ మార్పు) వచ్చింది, అల్సర్ మచ్చ లేదు. ఈఎస్‌డీ (ఎండోస్కోప్‌తో లీజన్‌ని కింది పొరతో సహా ఒకే ముక్కగా కోసి తీయడం) ట్రాక్షన్ పెట్టి, అంటే కోసిన అంచుని లాగి ఎత్తి పట్టి, చేయాలన్నది ఆలోచన. అడగాల్సినవి నాలుగున్నాయి. దారం కట్టిన క్లిప్ మంచిదా, ఆర్థోడాంటిక్ (పళ్ల క్లిప్పులకి వాడే) రబ్బరు బ్యాండా? చుట్టూ కోత పూర్తయ్యాకే పెట్టాలా, ముందే పెట్టొచ్చా? ఎంత బలంతో లాగాలి? టెక్నీషియన్‌కి ముందుగా ఏం చెప్పి ఉంచాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాస్తే నాలాంటి వాళ్లు ఇంకా చాలామందికి పనికొస్తుంది.

#2 · నీలిపొర

సర్, ఏ పరికరం అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ చోట ఫ్లాప్ (కోసి లేపుతున్న ముక్క) ఎటు లేవాలి అన్నది. కండర పొరకి నిటారుగా, అంటే గోడ నుంచి దూరంగా లేస్తేనే సబ్‌మ్యూకోసా (పై పొర మ్యూకోసాకీ కండరానికీ మధ్య పొర) తెరుచుకుని, ఎక్కించిన రంగు ద్రవంతో నీలంగా కనిపిస్తుంది. గోడ వెంబడి పక్కకి లాగితే ఫ్లాప్ జారుతుంది కానీ లేవదు. ట్రాక్షన్ పెట్టినా లాభం లేదని చెప్పే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే లోపం.

దారం ఎప్పుడూ ఒకే వైపుకి లాగుతుంది: నోటివైపు, కార్డియా (అన్నవాహిక పొట్టలో కలిసే చోటు) గుండా. అందుకని దారం లాగే గీత లీజన్ దగ్గర గోడతో ఎంత కోణం చేస్తుందో ముందు మనసులో గీసుకోవాలి. పై, మధ్య భాగాల గ్రేటర్ కర్వేచర్‌లో ఆ గీత దాదాపు నిటారుగా పడుతుంది. మీరు అడిగిన చోటు దారానికి బాగా అనువైనది.

అదే చోటు ట్రాక్షన్ లేకుండా చాలా కష్టపెడుతుంది. ఎడమ పక్కకి పడుకున్నప్పుడు నీళ్లు, రక్తం అన్నీ అక్కడికే చేరతాయి. నైఫ్ (కరెంటుతో కోసే కత్తి) గోడకి ఎదురుగా, పొడిచినట్టు వెళుతుంది. సబ్‌మ్యూకోసాలో రక్తనాళాలు కూడా అక్కడ దట్టంగా ఉంటాయి.

జపాన్‌లో జరిగిన కనెక్ట్-జీ ట్రయల్ 2018లో అచ్చయింది. 600 మందికి పైగా రోగుల్ని తీసుకుని పొట్ట ఈఎస్‌డీలో ఫ్లాస్ కట్టిన క్లిప్‌నీ మామూలు పద్ధతినీ పోల్చారు. మొత్తం మీద సగటు సమయంలో తేడా లేదు: 58.1 నిమిషాలు, 60.7 నిమిషాలు. కానీ పై, మధ్య భాగాల గ్రేటర్ కర్వేచర్ ఒక్కటే విడిగా చూస్తే దారంతో 57.2, దారం లేకుండా 104.1. రంధ్రం పడటం కూడా దారం గుంపులో తక్కువే, 2.2 శాతం నుంచి 0.3కి తగ్గింది. ఈ అంకెలు చూసి ప్రతి పొట్ట కేసుకీ దారం కట్టనక్కర్లేదు. దిశ కుదిరిన చోట మాత్రం కట్టకపోవడానికి కారణం కనిపించదు.

#3 · గోదారి_గ్యాస్ట్రో

చాలా స్పష్టంగా ఉంది సర్. మరి లెస్సర్ కర్వేచర్ (లోపలివైపు చిన్న వంపు), యాంట్రమ్‌లో (పొట్ట కింది చివరి భాగం) దారం ఎందుకు పనిచేయదు?

#4 · నీలిపొర

లెస్సర్ కర్వేచర్‌లో దారం గోడకి సమాంతరంగా పోతుంది. పైగా అక్కడ జే-టర్న్‌లో (స్కోప్ కొనని వెనక్కి మడిచి) పని చేస్తాం కాబట్టి దారమూ స్కోపూ కార్డియా దగ్గర ఒకదాన్నొకటి రాసుకుంటాయి. స్కోప్ తిప్పిన ప్రతిసారీ ఫ్లాప్ కదిలిపోతుంది. యాంట్రమ్‌లో ఫ్లాప్ స్కోప్ వైపుకే వచ్చి క్యాప్‌కి (స్కోప్ కొసకి తొడిగే తొడుగు) అడ్డం పడుతుంది, నైఫ్‌కి దారి ఉండదు.

అక్కడ దిశ మార్చాలి. ఒక మార్గం కప్పీ పద్ధతి: ఎదురు గోడ మీద చిన్న లూప్ ఉన్న ఇంకో క్లిప్ పెట్టి, దారాన్ని దాని గుండా పంపడం. బావిలో చేద వేసినప్పుడు తాడు కప్పీ మీదుగా తిరిగినట్టే, మనం బయట నోటివైపుకి లాగుతుంటే లోపల ఫ్లాప్ ఎదురు గోడవైపుకి లేస్తుంది. ఇబ్బందల్లా రాపిడి. లూప్ దగ్గర దారం బిగుసుకుంటే బయట ఎంత లాగారో లోపల ఎంత చేరిందో పొంతన ఉండదు. అంతకంటే సులువు స్ప్రింగ్ క్లిప్ లేదా బ్యాండ్, అవి దారంతో పని లేకుండా నేరుగా ఎదురు గోడకి తగులుతాయి.

క్లిప్-స్నేర్ పద్ధతి ఇంకొకటి ఉంది. సన్నటి స్నేర్‌ని (తీగ ఉచ్చు) స్కోప్ బయటి నుంచి తీసుకెళ్లి, లీజన్ అంచున పెట్టిన క్లిప్ మెడకి బిగిస్తారు. దారం లాగడానికే పనికొస్తుంది. స్నేర్ షీత్‌కి (బయటి గొట్టం) గట్టిదనం ఉంది కాబట్టి నెట్టడానికీ పనికొస్తుంది. రెండు దిశలు దొరుకుతాయి. అయితే స్కోప్ పక్కన ఆ లావు గొట్టం కూడా ఉంటుంది, చిన్న కదలికలకి అది అడ్డు.

#5 · ఎండోటెక్_ఓరుగల్లు

దారం కట్టే పని మా టెక్నీషియన్లది కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

చుట్టూ కోత అయ్యాక స్కోప్ బయటికి తీస్తారు. క్లిప్ అప్లికేటర్‌ని (క్లిప్ వేసే పరికరం) చానల్‌లో (స్కోప్ లోపల పనిముట్లు పంపే దారి) పెట్టి, క్లిప్‌ని క్యాప్ ముందుకి తెచ్చి తెరవాలి. దారం 3-0 సిల్క్ అయినా డెంటల్ ఫ్లాస్ అయినా ఒకటిన్నర మీటరు తీసుకోండి. పొట్ట లోపలికి వెళ్లేది అందులో సగం కూడా ఉండదు, మిగతాది బయట పట్టుకోవడానికి. వ్యాక్స్ పూసిన ఫ్లాస్‌కి ముడి జారే గుణం ఉంది, దానికి మూడు ముళ్లు వేయాలి.

ముడి క్లిప్ రెండు చేతుల్లో ఒకదానికే వేయాలి. రెండింటికీ కలిపి చుడితే క్లిప్ తెరుచుకోదు. కొన పంటి దగ్గర వేస్తే మూసినప్పుడు దారం పంటి మధ్య పడి పట్టు సరిగా ఉండదు, జారిపోతుంది. బాగా వెనక్కి వేస్తే మూసేటప్పుడు ముడి షీత్ నోట్లోకి పోయి ఇరుక్కుంటుంది, క్లిప్ ఊడదు. అందుకని చేతికి మధ్యలో వేయాలి. మిగిలిన తోకని రెండు మి.మీ. ఉంచి కత్తిరించండి. పొడుగు తోక నైఫ్‌కి అడ్డం వస్తుంది, కరెంటు తగిలి నల్లబడుతుంది కూడా.

ముడి వేశాక మళ్లీ మళ్లీ తెరిచి మూసే క్లిప్ అయితే మూడుసార్లు బయటే పరీక్షించాలి. ఒకసారి మూస్తే ఊడిపోయే రకం అయితే పూర్తిగా మూయకుండా సగం వరకే చూడాలి. తర్వాత క్లిప్‌ని నెమ్మదిగా చానల్‌లోకి లాక్కుంటే దారం క్యాప్ ముందు నుంచి బయటికి వచ్చి స్కోప్ వెంబడి ఉంటుంది.

స్కోప్ మళ్లీ వేసేటప్పుడు దారాన్ని ఎవరూ లాగకూడదు. వదులుగా, స్కోప్‌తో పాటే లోపలికి జారనివ్వాలి. బైట్ బ్లాక్‌లో దారం ఒక పక్కకే ఉండేలా చూడండి. స్కోప్‌కి చుట్టుకుంటే డాక్టర్ గారు స్కోప్ తిప్పినప్పుడల్లా ట్రాక్షన్ బిగుస్తూ వదులవుతూ ఉంటుంది, కారణం ఎవరికీ అర్థం కాదు.

#6 · గోదారి_గ్యాస్ట్రో

> ముడి క్లిప్ రెండు చేతుల్లో ఒకదానికే వేయాలి

ఇది రాసి పెట్టుకోవాల్సిన మాట. థాంక్యూ అండి. అంచుని పట్టేటప్పుడు ఎంత కణజాలం తీసుకోవాలి?

#7 · నీలిపొర

మ్యూకోసా అంచు, దాని కింద కాస్త సబ్‌మ్యూకోసా. అంతే. కోత గాడిలో నీలిరంగు కనిపించేదాకా అంచుని ముందు కొంచెం చెక్కి, ఓ ఐదు మి.మీ. పెదవిలా తయారుచేయండి. క్లిప్ ఒక పన్ను ఆ పెదవి కిందకి వెళ్లాలి, ఇంకోటి పైన ఉండాలి. పెదవి లేకుండా పట్టడానికి చూస్తే రెండు ప్రమాదాలు: పైపైన పట్టుకుని చిరిగిపోవడం, లేదా లోతుగా వెళ్లి కండరాన్ని కూడా పట్టేయడం. కండరాన్ని పట్టిన క్లిప్‌ని లాగి, దాని కింద కోస్తే పడేది రంధ్రమే.

పట్టాల్సింది మార్కింగ్ చుక్కల బయటి మామూలు మ్యూకోసాని. పొట్టలో చుక్కలు లీజన్‌కి ఐదు మి.మీ. దూరంలో పెట్టి, వాటి బయట కోస్తాం కదా, ఆ బయటి పట్టీనే వాడండి. లీజన్ మీద క్లిప్ వేయకండి.

మీ రెండో ప్రశ్న, చుట్టూ కోత పూర్తయ్యాకే. ఒక పక్క కోయకుండా వదిలితే ఆ పక్క మ్యూకోసా ఫ్లాప్‌ని గోడకి కట్టేసి ఉంచుతుంది. ఎంత లాగినా అక్కడ లేవదు, మనం బలం పెంచుతాం, క్లిప్ జారుతుంది. కోత పూర్తయిందని తృప్తి పడకుండా అడుగున మస్క్యులారిస్ మ్యూకోసా (మ్యూకోసా అడుగున ఉండే పలచటి కండరం) పీచులు తెగాయో లేదో చుట్టూ ఒకసారి చూడండి. తెల్లటి పట్టీలా ఒక్కటి మిగిలినా అది లంగరులా పట్టి ఉంచుతుంది.

#8 · ఎల్ఎస్‌టీ_బెజవాడ

పెద్దపేగు సంగతి నేను కలుపుతాను. రైట్ కోలన్‌లో దారం పెట్టడమంటే స్కోప్ బయటికి తీసి మళ్లీ సీకమ్ (పెద్దపేగు మొదలు) దాకా వెళ్లడం. రెక్టమ్, సిగ్మాయిడ్‌లో (పెద్దపేగు చివరి భాగాలు) ఫర్వాలేదు, అంతకు మించి ఆచరణలో కష్టం. అక్కడ ఎస్-ఓ క్లిప్ లేదా రబ్బరు బ్యాండ్.

ఎస్-ఓ క్లిప్ జపాన్ నుంచి 2009లో వచ్చింది. క్లిప్‌కి ఐదు మి.మీ. స్ప్రింగ్, దాని చివర నైలాన్ లూప్. మొదటి క్లిప్ లీజన్ అంచున, రెండో మామూలు క్లిప్‌తో లూప్‌ని పట్టుకుని ఎదురు గోడకి. రబ్బరు బ్యాండ్‌తో చేసేదీ ఇదే సూత్రం, డబుల్ క్లిప్ అంటారు. ఫ్రాన్స్‌లో లియోన్, లిమోజ్ బృందాలు దీన్ని బాగా ముందుకు తీసుకెళ్లాయి. బ్యాండ్ అంటే పళ్ల క్లిప్పులకి వాడే ఎలాస్టిక్. 3.2, 4.8, 6.4 మి.మీ. వ్యాసాల్లో దొరుకుతుంది. లేటెక్స్ ఎలర్జీ అడిగి తెలుసుకోండి, లేటెక్స్ లేని రకాలు కూడా ఉన్నాయి.

బ్యాండ్‌ని క్లిప్ పంటికి తగిలించి మూసి, చానల్‌లోంచి పంపాలి. ఇది అన్ని జతలకీ కుదరదు. క్లిప్ షీత్ లావు, బ్యాండ్ మందం, చానల్ వ్యాసం మూడూ కలిసి రావాలి. 3.7 మి.మీ. చానల్‌లో సాఫీగా పోయిన జత 2.8లో ఇరుక్కోవచ్చు. కేసు రోజు కాకుండా ముందు రోజే బల్ల మీద స్కోప్ పెట్టి చూసుకోండి.

రెండో క్లిప్ ఎక్కడ వేయాలన్నదే అసలు నైపుణ్యం. స్కోప్ నేరుగా పెట్టి పనిచేస్తుంటే ఎదురు గోడ మీద, లీజన్‌కి కొంచెం మలద్వారం వైపుకి. మరీ ఎదురుగా వేస్తే కోత సాగి ఫ్లాప్ లేచేకొద్దీ బ్యాండ్ వదులైపోతుంది. మరీ ఇవతలికి వేస్తే ఫ్లాప్ వచ్చి కెమెరాకి తెరలా అడ్డం పడుతుంది. మడత వెనక లీజన్ ఉండి రెట్రోఫ్లెక్షన్‌లో (స్కోప్ కొన వెనక్కి మడిచి) పనిచేస్తుంటే లెక్క తలకిందులు, ఇంకో వైపుకి వేయాలి.

రెండో క్లిప్ వేసేటప్పుడు పేగులో గాలి తగ్గించి గోడల్ని దగ్గరికి తెచ్చుకోండి. క్లిప్ వేశాక సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) నింపితే గోడలు దూరమై బ్యాండ్ సాగుతుంది. అంటే బలం మన గాలి బటన్ దగ్గరే ఉంది. ఎక్కువైతే కొంచెం పీల్చండి, చాలకపోతే కొంచెం నింపండి. దారానికి లేని సౌకర్యం ఇది. గాలి బాగా నింపి ఉన్నప్పుడు రెండో క్లిప్ వేస్తే మాత్రం ఈ వీలు పోతుంది, తర్వాత వదులు చేసుకోగలం కానీ బిగించలేం.

#9 · పాకెట్_నెల్లూరు

ఒక భిన్నాభిప్రాయం. పెద్దపేగులో ట్రాక్షన్ పరికరం లేకుండానే చాలా లీజన్లు బాగా వస్తాయి. పాకెట్ క్రియేషన్ పద్ధతిలో చుట్టూ కోత ముందు వేయం. 20 మి.మీ. అడ్డకోత చాలు, అందులోంచి సన్నమూతి క్యాప్‌తో సబ్‌మ్యూకోసాలోకి దూరి జేబులా తవ్వుకుంటూ పోతాం. చుట్టూ మ్యూకోసా తెగలేదు కాబట్టి ఎక్కించిన ద్రవం బయటికి కారిపోదు. క్యాప్ కొసే ఫ్లాప్‌ని ఎత్తి పట్టుకుంటుంది. జపాన్‌లో జిచి మెడికల్ యూనివర్సిటీ వాళ్ల పద్ధతి ఇది.

దీనికి ముందు గురుత్వాకర్షణ వాడాలి. ఖర్చు లేని ట్రాక్షన్ అది. కొంచెం నీళ్లు వదలండి, ఎక్కడ గుమికూడతాయో అది కింద. లీజన్ నీళ్లలో ఉంటే రోగిని పక్క మార్చండి. లీజన్ పైకి వస్తే కోసిన ఫ్లాప్ తనంతట తాను కిందికి వేలాడుతుంది, రక్తం కూడా పని చోటు నుంచి జారిపోతుంది. సెలైన్ నింపి పనిచేస్తే ఫ్లాప్ తేలుతుంది కూడా. క్లిప్ ప్యాకెట్ చించే ముందు ఈ రెండు నిమిషాలు పెట్టండి.

#10 · ఎల్ఎస్‌టీ_బెజవాడ

గురుత్వాకర్షణ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. పెద్దపేగుకి జపాన్‌లో కనెక్ట్-సీ ట్రయల్ చేశారు. మొత్తం మీద సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 30 మి.మీ. పైబడిన లీజన్లలో, ఇంకా అనుభవం తక్కువ ఉన్నవాళ్ల చేతుల్లో ట్రాక్షన్ మేలు చేసింది. మన దగ్గర ఈఎస్‌డీ నేర్చుకుంటున్నవాళ్లకి వర్తించేది ఆ రెండో ముక్కే.

పాకెట్ గురించి ఒక్క మాట. మచ్చ కట్టిన చోట, అంటే ముందు బయాప్సీలు ఎక్కువ తీసినదో, స్నేర్‌తో సగం తీసి వదిలేసినదో అయితే, పాకెట్ చివర పొరలు అతుక్కుని ద్రవం ఎక్కదు. అక్కడ కండరం ఎక్కడ మొదలైందో చెప్పేది నీలిరంగు కాదు, బిగుతు. ఎదురు గోడ నుంచి లాగితే మచ్చకి రెండు పక్కలా మంచి పొర ముందు తెరుచుకుంటుంది, ఆ రెండింటినీ కలిపే గీత మీద మచ్చని కోయొచ్చు. ఇలా ఫైబ్రోసిస్ (మచ్చ కట్టడం) ఉన్న కేసుకి మొదటి నుంచే ట్రాక్షన్ సిద్ధంగా ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం.

#11 · గోదారి_గ్యాస్ట్రో

బలం గురించి ఎవరైనా వివరంగా చెప్పరా? దారం చివర ఏమైనా బరువు కట్టాలా?

#12 · నీలిపొర

దారం చివర ఒక మస్కిటో ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) తగిలించి మంచం పక్కకి వేలాడదీస్తే చాలు. ఆ బరువే ఎక్కువ కేసులకి సరిపోతుంది. అసిస్టెంట్ చేత్తో పట్టుకుంటే మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండా బిగిస్తారు. వేలాడే బరువు మారదు.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? తెర మీద దీన్ని జాగ్రత్తగా చూడాలి. సరైన బిగువులో కింద కండర పొర చదునుగా, లేత గులాబీ తెలుపులో, అడ్డగీతలతో కనిపిస్తుంది. దాని పైన నీలి సబ్‌మ్యూకోసా సాలెగూడు దారాల్లా నిలువుగా సాగి ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట స్పష్టమైన మూల ఉంటుంది. బలం పెంచుతూ పోతే ఆ చదును నేల మధ్యలో చిన్న గుట్ట లేస్తుంది. కండరమే గుడారంలా పైకి లాగబడింది. గుట్ట పక్కవాలు నీలి పొరలాగే కనిపించి మోసం చేస్తుంది. అంతవరకు కోస్తున్న గీతనే తిన్నగా కొనసాగిస్తే నైఫ్ ఆ గుట్టని అడ్డంగా దాటుతుంది. ట్రాక్షన్‌తో పడే రంధ్రాలు ఇలాగే పడతాయి. గుట్ట కనిపించగానే ఫోర్సెప్స్‌ని మంచం మీద పెట్టేయండి. నేల చదునయ్యాక కోత గీతని ఫ్లాప్ వైపుకి కాస్త ఎత్తి మొదలుపెట్టండి. అలాగని మరీ ఎత్తకండి, పొర మూడింట ఒక వంతు కండరం వైపు వదిలి కోయడం మంచిది. రక్తనాళాల కొమ్మలు పైభాగంలో విడిపోతాయి, కింద కాండాలు మాత్రమే ఉంటాయి కాబట్టి లెక్కకి తక్కువ నాళాలు ఎదురవుతాయి.

ఇంకొకటి, నాళాలు. సాగిన నాళంలో రక్తం ఖాళీ అయి అది తెల్లటి పీచులా కనిపిస్తుంది. పీచే కదా అని కట్ మీద నొక్కితే చిమ్ముతుంది. లావు పీచు అనుమానంగా ఉంటే రెండు సెకన్లు దారం వదులు చేయండి. నాళం అయితే ఎర్రగా నిండుతుంది. నిండితే ముందు కోయాగ్రాస్పర్‌తో (నాళాన్ని పట్టే ఫోర్సెప్స్) సాఫ్ట్ కోయాగ్ (కోయకుండా గడ్డకట్టించే కరెంటు) పెట్టి తర్వాత కోయండి.

#13 · ఎండోటెక్_ఓరుగల్లు

సర్, మెషీన్ సెట్టింగ్ కూడా రాస్తే మాకు పనికొస్తుంది.

#14 · నీలిపొర

వీఐఓ 300డీ (కోసే కరెంటు ఇచ్చే మెషీన్) మీద డ్యూయల్ నైఫ్‌కి చాలామంది మొదలుపెట్టేది: మ్యూకోసా కోతకి ఎండోకట్ ఐ, ఎఫెక్ట్ 2, డ్యూరేషన్ 3, ఇంటర్వల్ 3. డిసెక్షన్‌కి స్విఫ్ట్ కోయాగ్, ఎఫెక్ట్ 3, 40 వాట్ల చుట్టుపక్కల. కోయాగ్రాస్పర్‌కి సాఫ్ట్ కోయాగ్, ఎఫెక్ట్ 5, 80 వాట్లు. వేరే మెషీన్ అయితే ఈ అంకెలు నేరుగా ఎత్తి పెట్టకండి, ఆ తయారీదారు పట్టిక చూడండి.

ట్రాక్షన్‌లో కణజాలం సన్నగా సాగి ఉంటుంది. నైఫ్ తగిలే వైశాల్యం తక్కువ, కాబట్టి కరెంటు సాంద్రత ఎక్కువ, చటుక్కున తెగుతుంది. అలవాటైన వేగంతో పెడల్ నొక్కితే నైఫ్ ముందుకి తూలుతుంది. పెడల్ చిన్న చిన్న తట్లుగా నొక్కండి.

నైఫ్ కొన క్లిప్ లోహానికి తగిలి ఉన్నప్పుడు పెడల్ నొక్కకూడదు. కరెంటు క్లిప్ గుండా పోయి అది పట్టుకున్న చోట కాలుస్తుంది. డబుల్ క్లిప్‌లో ఎదురు గోడ క్లిప్‌కి తగిలితే మనం చూడని చోట మంచి గోడ కాలుతుంది. డ్యూయల్ నైఫ్ కొన పొడవు పొట్టకి 2 మి.మీ., కోలన్‌కి 1.5 మి.మీ. అని వేర్వేరుగా వస్తుంది. ప్యాకెట్ మీద చూసి ఇవ్వాల్సింది టెక్నీషియన్లే. కోలన్ గోడ సన్నం, పొట్ట నైఫ్ అక్కడ పొరపాటున కూడా వాడకూడదు.

#15 · మత్తుబల్ల

అనస్థీషియా వైపు నుంచి రెండు మాటలు. దారం నోట్లోంచి బయటికి వస్తుంది, మా ట్యూబ్ (శ్వాస గొట్టం) కూడా అక్కడే ఉంటుంది. పొట్ట, అన్నవాహిక ఈఎస్‌డీకి ఇంట్యుబేషన్ చేసినప్పుడు ట్యూబ్ ఒక పక్క, దారం ఎదురు పక్క ఉండేలా టేప్ వేయండి. ట్యూబ్‌కి దారం చుట్టుకుని ఉండగా మీరు స్కోప్ లాగితే ట్యూబ్ కదులుతుంది. దారానికి ఫోర్సెప్స్ తగిలించే ముందు ఒక్క మాట మాకు చెప్పండి.

ఇంకొకటి, గాలి వద్దు, సీఓటూనే వాడండి. ట్రాక్షన్ కోసం పేగు బాగా ఉబ్బించి ఉంచితే పొట్ట బిగిసి వెంటిలేటర్ ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ ఒక్కసారిగా పెరిగినా, పొట్ట డప్పులా అయినా మేము చెబుతాం, అప్పుడు రంధ్రం పడిందేమో చూడండి.

#16 · గోదారి_గ్యాస్ట్రో

రంధ్రం పడితే ట్రాక్షన్ వెంటనే తీసేయాలా?

#17 · నీలిపొర

తీసేయక్కర్లేదు, వదులు చేయాలి. బిగువు ఉంటే రంధ్రం నోరు తెరుచుకునే ఉంటుంది, క్లిప్ రెండు అంచుల్నీ పట్టలేదు. పూర్తిగా తీసేస్తే ఫ్లాప్ రంధ్రం మీద పడి చోటు కనిపించదు. వదులు చేసి, సీఓటూ తగ్గించి, రంధ్రం చుట్టూ క్లిప్ కూర్చునేంత సబ్‌మ్యూకోసా ముందు విడదీయండి. అలా చేయకుండా హడావుడిగా క్లిప్ వేస్తే, మిగతా డిసెక్షన్‌కి ఆ క్లిపే అడ్డం వస్తుంది. చిన్న రంధ్రాన్ని ఒక చివర నుంచి మూసుకుంటూ రండి, నడిమధ్య నుంచి కాదు. పొట్ట బిగుసుకుపోయి బీపీ పడిపోతుంటే ఈ క్రమం వర్తించదు. ముందు సూదితో గాలి తీయించి రోగి పరిస్థితిని నిలకడకి తేవాలి, సర్జన్‌కి కబురు పెట్టాలి.

#18 · ఎల్ఎస్‌టీ_బెజవాడ

అన్నవాహిక గురించి ఎవరూ రాయలేదు. దారానికి దిశ సహజంగా కుదిరే చోటు అదే. మనం నోటివైపు నుంచి కిందికి కోసుకుంటూ పోతాం, క్లిప్ నోటివైపు అంచున, లాగేదీ నోటివైపుకే. ఫ్లాప్ వెనక్కి మడత పడి సొరంగంలా తెరుచుకుంటుంది. కనెక్ట్-ఈ ట్రయల్, 2020: మామూలు పద్ధతికి 60.5 నిమిషాలు, దారంతో 44.5. ఇక్కడ అన్ని లీజన్ల సగటులోనే తేడా వచ్చింది.

ఒక జాగ్రత్త ఉంది. ముందు అడుగువైపు, అంటే పొట్టవైపు అంచున కోత పూర్తిగా వేసి తర్వాతే పై అంచుకి రండి. కింది హద్దు ముందే కోసి లేకపోతే, దారం లాగిన ఊపులో ఎక్కడ ఆగాలో తెలియక మార్కింగ్ దాటి మంచి మ్యూకోసా కిందికి తవ్వుకుంటూ పోతారు. అన్నవాహికలో ఎంత చుట్టు కోస్తే అంత స్ట్రిక్చర్ (మచ్చ కట్టి దారి సన్నబడటం). నాలుగింట మూడు వంతుల చుట్టు దాటితే స్టిరాయిడ్ గురించి ముందే ఆలోచించి ఉండాలి.

#19 · స్లైడ్_బల్ల

పాథాలజీ నుంచి ఒక విన్నపం. ముక్క మాకు వచ్చేసరికి క్లిప్ దానిమీదే ఉంటే దయచేసి తీసి పంపండి. అంచున క్లిప్ నలిపిన చోట కణాలు చితికి, మార్జిన్ పాజిటివా నెగటివా (కోత అంచులో చెడు కణాలు ఉన్నాయా లేవా) చెప్పలేం. లీజన్‌కి దూరంగా, మామూలు పట్టీలో క్లిప్ ఉంటే ఆ నష్టం లేదు. పైన ఒకరు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. క్లిప్‌ని పీకకండి, చిన్న కత్తెరతో దాని చుట్టూ ఉన్న మామూలు మ్యూకోసాని విడిపించండి, లేదా ఫోర్సెప్స్‌తో పళ్లు తెరవండి. లోపల ఉండిపోయిన లోహం మా మైక్రోటోమ్ (ముక్కని పలచగా కోసే యంత్రం) బ్లేడ్‌ని కొరుకుతుంది, ముక్క మీద గీతలు పడతాయి.

ముక్కని థర్మోకోల్ లేదా కార్క్ మీద, మ్యూకోసా పైకి ఉండేలా, అంచులు సాగదీసి గుండుసూదులతో పరచండి. మరీ లాగకండి. శరీరంలో ఉన్న కొలతే ఉండాలి. నోటివైపు అంచు, అడుగువైపు అంచు రాయండి. క్లిప్ ఎటువైపు వేశారో కూడా రాస్తే, అక్కడ నలిగిన మార్జిన్‌ని మేము తప్పుగా చదవం. తర్వాత 10 శాతం ఫార్మలిన్. మేము 2 మి.మీ. పట్టీలుగా కోస్తాం. క్యాన్సర్ దిగింది పొట్టలో సబ్‌మ్యూకోసాలోకి 500 మైక్రాన్ల లోపేనా, పెద్దపేగులో 1000 మైక్రాన్ల లోపేనా అన్నది తేల్చాలి. ముక్క ముడుచుకుపోయి వస్తే ఆ కొలతకి అర్థం ఉండదు.

#20 · పాకెట్_నెల్లూరు

నేర్చుకునేవాళ్లకి ఒక సూచన. కబేళా నుంచి తెచ్చిన పంది పొట్ట మీద దారం కట్టడం, డబుల్ క్లిప్ వేయడం రెండూ ప్రాక్టీస్ చేయొచ్చు. అందులో రక్తం కారదు కాబట్టి హీమోస్టాసిస్ (రక్తం ఆపడం) నేర్చుకోలేం. దిశ మాత్రం బాగా అర్థమవుతుంది. ఒకే లీజన్‌కి ఎదురు గోడ మీద మూడు వేర్వేరు చోట్ల బ్యాండ్ కట్టి, ప్రతిసారీ ఫ్లాప్ ఎటు లేచిందో ఫోటో తీసి పక్కపక్కన పెట్టుకోండి. మన దగ్గర పొట్టలో తొలిదశ క్యాన్సర్లు జపాన్‌లో దొరికినంతగా దొరకవు. అసలు కేసు వచ్చేవరకు ఆగితే చెయ్యి కుదరదు.

#21 · గోదారి_గ్యాస్ట్రో

అందరికీ కృతజ్ఞతలు. చుట్టూ కోత, అంచు చెక్కడం, 3-0 సిల్క్, ఒక చేతికి ముడి, నోటివైపు అంచున క్లిప్, మస్కిటో ఫోర్సెప్స్ బరువు. ఇలా అనుకుంటున్నాం. చివరి సందేహం: గ్రేటర్ కర్వేచర్‌లో నోటివైపు అంచునే వేయాలా? డిసెక్షన్ చివర్లో ఫ్లాప్ ఊగితే ఎలా?

#22 · నీలిపొర

మీరు ఏ వైపు నుంచి లోపలికి దూరతారో ఆ అంచున. నేరుగా చూస్తూ చేస్తుంటే నోటివైపు అంచు సరే. రెట్రోఫ్లెక్షన్‌లో చేయాలనుకుంటే అడుగువైపు అంచు. చివరి ఐదారు మి.మీ. మిగిలినప్పుడు ఫ్లాప్ ఒక్క కాడ మీద వేలాడుతూ దారం లాగినకొద్దీ మెలి తిరుగుతుంది. అప్పుడు బరువు పూర్తిగా తీసేసి, క్యాప్‌తో ఫ్లాప్‌ని పక్కకి నెట్టి, కింద కండరం మళ్లీ ఒకసారి చూసుకుని తెంపండి. బరువు ఉండగా తెంపితే ఆఖరి పీచు తెగిన క్షణంలో ముక్క కార్డియా వైపుకి చివ్వున పోతుంది.

#23 · ఎండోటెక్_ఓరుగల్లు

ముక్క తెగాక దారం చేతిలోనే ఉంది కదా అని దాంతోనే బయటికి లాగేయకండి సర్. గొంతు దగ్గర, పై స్ఫింక్టర్ (అన్నవాహిక పైచివర కండరపు కట్టు) బిగువులో క్లిప్ ముక్కని చింపుకుని ఒంటరిగా బయటికి వస్తుంది. దారం వదులుగా పట్టుకుంటాం, మీరు రిట్రీవల్ నెట్‌లో ముక్కని మూసుకోండి. నెట్, స్కోప్, దారం మూడూ కలిపి ఒకేసారి తీద్దాం. థర్మోకోల్, గుండుసూదులు ట్రాలీ మీద ముందే పెట్టి ఉంచుతాం.

#24 · స్లైడ్_బల్ల

తుప్పు పట్టని సూదులు పెట్టండి. తుప్పు మరక ముక్క మీద పడితే స్లైడ్‌లో పిగ్మెంట్‌లా కనిపిస్తుంది.